కుదురులో ఊద

మా ఆయనకు మాటలు బాగా వచ్చు. బందరులో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేసేవారు. కిటికీలోంచి మందులిచ్చే పని ముగిశాక అందరిలాగా ఇంటికి బయలుదేరేవారు కాదు. వార్డుల్లోకి వెళ్లి, పక్కన ఎవరూ లేకుండా పడుకున్న రోగి ఎవరో చూసుకుని, మంచం దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చునేవారు. ఏ ఊరు, పిల్లలెక్కడున్నారు, నిన్న కాస్త నిద్ర పట్టిందా అని అడిగేవారు. ప్రార్థన చెయ్యమంటే చేసేవారు. వద్దంటే ఊరికే కూర్చునేవారు. గుడివాడ అవతలి నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు, పూజ చెయ్యనిదే మంచినీళ్లు ముట్టని మనిషి, ఇంటికి వెళ్లే ముందు మా చర్చికి వచ్చి అందరి ముందూ నిలబడి, "మీ దేవుడి సంగతి నాకు తెలవదండీ. ఈయన మాట మాత్రం మందుకంటే ముందే పనిచేసింది" అని చెప్పాడు.

చర్చిలో ఆడవాళ్లంతా నావైపు తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి ఆయన ఇంట్లో నాతో మాట్లాడి చాలా వారాలైంది.

ఆయన కొట్టలేదు. తిట్టలేదు. తాగే మనిషి కాదు. కోపం వస్తే మాట ఆపేసేవారు, అంతే. మొదటిసారి అది జరిగినప్పుడు నాకు అర్థం కూడా కాలేదు. పెళ్లైన కొత్తలో గుడివాడలో ఉండేవాళ్లం. పక్కింటావిడ కూతురు కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటుండేది. ప్రదర్శన ఉందంటే, ఆయనకు చెప్పి మరీ ఆవిడతో వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. తలుపు తీశారు. "బస్సు దొరకలేదండీ" అన్నాను. పక్కకు జరిగి దారిచ్చారు. మర్నాడు కాఫీ ఇస్తే తీసుకున్నారు గాని నోరు విప్పలేదు. గొంతు బాగాలేదేమోనని మిరియాల పాలు కాచి ఇచ్చాను. తాగారు. ఆ పూటే గోడ అవతల పక్కింటాయనతో నవ్వుతూ మాట్లాడుతుంటే వినపడింది. జబ్బు గొంతుది కాదని అప్పుడు తెలిసింది.

అది ఎలా మొదలయ్యేదో అలాగే ఆగిపోయేది. ఒకరోజు ఉన్నట్టుండి "పాలవాడు వచ్చాడా?" అనేవారు. మధ్యలో ఏమీ జరగనట్టే. ఏం తప్పు చేశానండీ అని ఒకసారి అడిగితే అక్కడికక్కడే మళ్లీ మొదలైంది. దాంతో అడగడం మానేశాను.

మా పుట్టిల్లు దివిసీమలో. కోతల రోజుల్లో వెళ్లినప్పుడు అమ్మతో చెప్పాలని ఒకసారి ప్రయత్నించాను.

"కొడతాడా?" అంది అమ్మ.

"లేదు."

"తాగుతాడా?"

"లేదమ్మా."

"ఇంకో మనిషి ఎవరైనా ఉందా?"

"లేదు. మాట్లాడరు."

అమ్మ నా మొహంలోకి చూసింది. అర్థం చేసుకోవాలని నిజంగానే ప్రయత్నించింది. చివరికి, "మీ నాన్న ఒక్క పూట అరవకుండా ఉంటే చాలని దేవుణ్ణి అడిగేదాన్నే నేను" అంది. ఇద్దరం కలిసి చింతపండు పిక్కలు తీశాం.

తర్వాత బందరు వచ్చేశాం. నాకు ఎలిమెంటరీ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. అమ్మాయి పుట్టింది. అది మాటలు నేర్చిన దగ్గర్నుంచి మా ఇద్దరి మధ్యా మాటలు మోసే మనిషి అదే. "నాన్నా, అమ్మ అన్నానికి రమ్మంటోంది." "అమ్మా, నాన్న రేపు ఆలస్యంగా వస్తాడంట." చదువు బల్ల దగ్గర నుంచి లేచి, వాకిట్లోకి ఒకసారి, వంటింట్లోకి ఒకసారి తిరిగేది. దానితో ఆయన ఎప్పుడూ మాట ఆపలేదు. భుజం మీద ఎక్కించుకుని మంగినపూడి బీచి ఇసుకలో పరుగెత్తేవారు. ఆ తండ్రిని అది ఎంత ప్రేమించిందో నేను చూశాను. ఆ ప్రేమలో తప్పేమీ లేదు. మాటలు ఆగిన రోజుల్లో ఒక్కోసారి అది వంటింటి గుమ్మంలో నిలబడి, "నాన్న పులుసు చాలా బావుందన్నాడమ్మా" అని చెప్పేది. ఆ ఒక్క మాటతో నాకు వారం గడిచిపోయేది.

పిల్ల విజయవాడ హాస్టల్‌కి వెళ్లిపోయాక ఇంట్లో మాట మోసేవాళ్లు లేకుండా పోయారు. కంచం పెట్టి బల్ల మీద గరిటెతో తట్టేదాన్ని. ఆ చప్పుడు విని వచ్చి తినేవారు.

అప్పటి పాస్టరమ్మగారితో ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి చెప్పాను. ఆవిడ నమ్మలేకపోయింది. "మీ ఆయనా? మొన్న మా అత్తగారి మంచం పక్కన ఎంతసేపు కూర్చుని మాట్లాడారమ్మా!" అంది. నేను ఏడుస్తుంటే కాసేపు వీపు నిమిరి, "గోధుమల్లో మొలిచిన గురుగుల్ని కూడా కోతదాకా పెరగనివ్వమన్నాడు కదా ప్రభువు. ఓర్చుకోవాలి" అంది. మంచి మనసుతోనే అంది. కాని ఆ రోజు నుంచి ఆ ఉపమానం నాకు పడేది కాదు. ప్రసంగంలో అది వస్తే కిటికీ వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

కిందటి వానాకాలం మొదట్లో ఆయన మళ్లీ మాట ఆపేశారు. కారణం నాకు ఇప్పటికీ తెలియదు. వానలు వెనకబట్టే రోజుల్లో పోయారు. రిటైరయ్యాక కూడా వార్డులకు వెళ్లడం మానలేదు. అక్కడే వరండాలో కూలబడ్డారు. నేను ఆటోలో వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆయన్ని బాగా ఎరిగిన నర్సు ఒకామె నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, "పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఏమన్నారాంటీ?" అని అడిగింది. నేను ఎంతో వెనక్కి వెళ్లి వెతుక్కోవలసి వచ్చింది. ఆయన నాతో అన్న ఆఖరి మాట "సిలిండరు వచ్చిందా?" ఎండాకాలం చివర్లో ఎప్పుడో అన్నారు.

జ్ఞాపకార్థ కూడికలో చర్చి నిండిపోయింది. వరండాలో కుర్చీలు వేయించారు. ఒకరి తర్వాత ఒకరు లేచి సాక్ష్యం చెప్పారు. ఎవరి తల్లి ఆయన చెయ్యి పట్టుకుని ప్రశాంతంగా కన్నుమూసిందో, ఎవరి కొడుకు ఆయన మాట విని తాగుడు మానేశాడో చెప్పారు. అమ్మాయి మాట్లాడబోయి ఏడ్చేసింది. చివర నన్ను రమ్మన్నారు. మైకు ముందు నిలబడి, "అందరికీ వందనాలండీ" అన్నాను. అంతకు మించి నోట్లోంచి ఏమీ రాలేదు. దుఃఖం అనుకున్నారు. ఎవరో వచ్చి భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు. అంతమంది మధ్య అంత ఒంటరిగా నేను ఎన్నడూ లేను. వాళ్లు చెప్పిన మనిషి నిజంగానే ఉన్నాడు. ఆ మనిషి కోసం నాకూ ఏడవాలని ఉంది. కాని ఆయనతో నాకు పరిచయం లేదు.

క్రిస్మస్ వెళ్లాక ఒక ఉదయం గుడ్లవల్లేరు నుంచి ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. సంచిలో మునగకాయలు తెచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఆయన ఫోటోకి చేతులు జోడించి, ఎంతకీ కూర్చోలేదు. నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి టీ పెట్టాను.

టీ గ్లాసు చేతిలో పెట్టుకుని ఆవిడ తన సంగతి చెప్పింది. పెళ్లీడుకొచ్చిన కొడుకు కాలవలో పడి పోయాడు. ఒక్కడే కొడుకు. ఆవిడ పురుగుల మందు తాగింది. బంధువులు బందరు తీసుకొచ్చి బతికించుకున్నారు. బతికాక ఎవరితోనూ మాట్లాడక, గోడవైపు తిరిగి పడుకుంటే, ఆయన వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"ఏం చెప్పలేదండీ మొదట్లో. ఊరికే కూర్చునేవారు. నేను ఇంటికెళ్లేటప్పుడు నంబరు అడిగి తీసుకున్నారు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఫోను. 'అమ్మా, లేచావా? మొహం కడుక్కున్నావా? కాఫీ తాగు, నేను లైన్లోనే ఉంటా' అనేవారు. నేను కాఫీ పెట్టుకుని తాగిందాకా ఫోను పెట్టేసేవారు కాదు. ఆ ఫోను వస్తదనే లేచేదాన్నండీ. వానాకాలం అంతా అట్టాగే చేశారు. ఒకరోజు రాలేదు. నేనే చేస్తే మీ అమ్మాయి ఎత్తి చెప్పింది."

ఆ వానాకాలం ఉదయాలు నాకు బాగా గుర్తు. ఆయన ఫోను పట్టుకుని డాబా మీదకు వెళ్లేవారు. వాన పడుతుంటే మెట్ల మీద, చూరు కింద నిలబడేవారు. వంటింట్లో నాకు మాటలు వినపడేవి కావు, గొంతు వినపడేది. మెత్తగా, తొందర లేకుండా. నేను స్టవ్ తగ్గించి ఆ గొంతు వినేదాన్ని. ఎవరితోనని ఎన్నడూ అడగలేదు.

"మీతో ఇంకెంత బాగా మాట్లాడేవారో కదండీ," అంది ఆవిడ. "అదృష్టవంతులు."

అందరితో అన్నట్టే అవునండీ అనవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నాతో మాట్లాడేవారు కాదండీ," అన్నాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఎప్పుడూనా?"

"కొన్నాళ్లు మాట్లాడేవారు. కొన్నాళ్లు ఆపేసేవారు. ఆ వానాకాలం అంతా మాట్లాడలేదు."

"అంటే నాకు ఫోను చేసిన రోజుల్లో..."

"అవునండీ."

ఆవిడ మొహం మారిపోయింది. చీర చెంగు వేళ్లకు చుట్టుకుంటూ, "అయితే మీ మాటలు నేను తీసుకున్నానా అండీ?" అంది.

"లేదండీ. మీకు ఇవ్వకపోయినా నాకు ఇచ్చేవారు కాదు."

"మరి నేను ఆయన్ని ఏమనుకోవాలి? దణ్ణం పెట్టుకోవాలా, తిట్టుకోవాలా?"

ఆవిడ నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది, ప్రాణంతో ఉంది, టీ మీద మీగడ కట్టింది. ఆమె బతికి ఉండడం ఆయన పుణ్యమే. అది అబద్ధమని నేను ఎలా అనగలను? వెళ్లేటప్పుడు ఆవిడ ఫోటో వైపు చూడలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, బస్సు వేళైందని వెళ్లిపోయింది. నిజం చెప్పి ఆ తల్లి దగ్గరున్న ఒక్క ఆధారాన్ని కదిలించానేమోనని ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాతే స్త్రీల కూడికలో నాకు వంతు వచ్చింది. నెలకొకరు వాక్యం చెప్పాలి. ఇప్పటి పాస్టరమ్మగారు చిన్నమ్మాయి, నన్ను అత్తయ్యగారూ అంటుంది. "ఈసారి గురుగుల ఉపమానం చెప్పండత్తయ్యగారూ" అంది. వేరే ఏదైనా ఇవ్వమని అడగబోయాను. ఎందుకని అడిగితే చెప్పాల్సి వస్తుందని ఒప్పుకున్నాను.

వారం రోజులు ఆ కథతో కూర్చున్నాను. యజమాని పొలంలో మంచి గోధుమలు చల్లించాడు. అందరూ నిద్రపోతుంటే శత్రువు వచ్చి మధ్యలో గురుగులు చల్లి పోయాడు. పైరు ఎదిగాక రెండూ కనపడ్డాయి. పీకేస్తామని పనివాళ్లు అడిగితే యజమాని వద్దన్నాడు. గురుగుల్ని పీకుతూ గోధుమల్నీ పెరికేస్తారు, కోతదాకా రెండింటినీ ఉండనివ్వండి, అప్పుడు వేరు చేయిస్తానన్నాడు.

చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది విన్నప్పుడు మాకు గోధుమ పైరు తెలియదు. గురుగులంటే మన వరిచేలో కలుపు, ఊద గడ్డి లాంటిదనుకోమన్నారు టీచరు. ఊద మాకు తెలుసు. కంకి వెన్ను తీసేదాకా అచ్చం వరిలాగే ఉంటుంది. మా అమ్మ ప్రతి సార్వా పంటలోనూ కలుపు తియ్యడానికి కూలికి వెళ్లేది. కలుపు తియ్యొద్దనే రైతు ఎక్కడైనా ఉంటాడా అని ఇంటికి వచ్చి అమ్మను అడిగాను. అమ్మ నవ్వి, "అట్టా అందరూ వద్దంటే మేం ఏం తినాలే?" అంది. కాసేపటికి తనే మళ్లీ చెప్పింది. "ఒక్కోచోట మేమూ తియ్యంలే. నారులోనే కలిసొచ్చి, నాటేటప్పుడు వరితో ఒకే కుదురులో పడిపోద్ది చూడు, ఆ ఊదని లాగితే కుదురంతా లేచొస్తది. దాన్ని వదిలేస్తాం."

ఇన్నేళ్లూ ఆ పొలం అంటే లోకం అనుకున్నాను. మంచివాళ్లు ఒక వరస, చెడ్డవాళ్లు ఒక వరస. మా ఆయన ఏ వరసో తేల్చుకోలేక సతమతమయ్యాను. ఆయన వరసలో లేరు. ఒకే కుదురులో రెండూ ఉన్నాయి. గుడ్లవల్లేరు ఆవిడ లేచి కాఫీ పెట్టుకోవడం, నేను గరిటెతో బల్ల తట్టడం, రెండూ ఒకే మనిషి వల్ల, ఒకే వానాకాలంలో.

ఆ వారంలో ఇంకో సంగతి కూడా కనపడింది. అది నాకు ఎవరూ చెప్పలేదు. పనివాళ్లు వచ్చి ఈ గురుగులు ఎక్కడివని అడిగినప్పుడు, యజమాని మొహమాటపడలేదు. ఇది శత్రువు చేసిన పని అన్నాడు. ఉండనివ్వమన్నాడు గాని, గోధుమ అని పిలవమనలేదు. నాతో ఓర్చుకోమన్నవాళ్లు ఆ మొదటి మాటను వదిలేసి రెండోది మాత్రమే చెప్పారు. నేను కూడా ఇన్నేళ్లూ ఊదను వరి అని పిలుస్తూ వచ్చాను.

గురువారం మధ్యాహ్నం హాల్లో చాపల మీద ఆడవాళ్లు కూర్చున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కథ చెప్పాను. కుదురు సంగతి చెప్పాను. పొలం పని తెలిసిన పెద్దవాళ్లు తలలూపారు. అప్పుడు అన్నాను: "మా ఆయన మీ అందరికీ తెలుసు. ఆయన చేసిన మేలు నిజం. ఇంట్లో నాతో నెలల తరబడి మాట్లాడేవారు కాదు. అదీ నిజమే. వేరు చేసే పని నాది కాదు. కాని ఊద లేదని మాత్రం ఇక చెప్పలేను."

ఒకావిడ నేల చూపులు చూసింది. ఇంకొకావిడ పక్కామె చెవిలో ఏదో అంది. పాస్టరమ్మగారు గబగబా ప్రార్థన చేసి పాట ఎత్తుకుంది. టీలు ఇస్తున్నప్పుడు నా చుట్టూ కాస్త ఖాళీ ఏర్పడింది. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి ఒక ముసలావిడ, "పోయినోళ్ల గురించి అట్టా అనకూడదమ్మా" అంది. ఆవిడ భర్త చివరి రోజుల్లో మా ఆయనే రోజూ వెళ్లి కూర్చున్నారు. ఆవిడ బాధ నాకు తెలుసు. "అవునండీ" అన్నాను.

ఆ కబురు విజయవాడలోనే స్థిరపడిన అమ్మాయికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఫోను చేసి, "అందరి ముందూ ఎందుకన్నావమ్మా?" అంది. నేనేమీ అనకముందే పెట్టేసింది. ఆదివారం మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. అన్నం తిన్నాం. ఆయన మాట ఎత్తలేదు. గిన్నెలు కడుగుతుంటే నా వెనక నిలబడి అంది.

"అమ్మా, నేను నీకో సంగతి చెప్పాలి. కోప్పడకు. నాన్న పులుసు బావుందన్నాడని చెప్పేదాన్ని చూడు చిన్నప్పుడు."

"ఆఁ."

"నాన్న అలా అనేవాడు కాదు. 'మీ అమ్మకి చెప్పు, ఉప్పెక్కువైందని' అనేవాడు. లేకపోతే ఏమీ అనేవాడు కాదు. నేనే కల్పించి చెప్పేదాన్ని. నువ్వు ఆ పూట బాగా ఉండేదానివి."

నేను దాచుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పసుపు చీర బాగుందన్నది, స్కూల్లో పిల్లలకు నువ్వంటే ఇష్టమన్నది, ఒంట్లో ఎలా ఉందని అడిగింది. ఏవీ ఆయనవి కావు. గౌను వేసుకుని గుమ్మంలో నిలబడిన ఆ పిల్లవి.

"అన్నీనా?" అన్నాను.

"దాదాపు అన్నీ," అంది. ఏడుస్తోంది. "నాన్నంటే నాకు ప్రాణం అమ్మా. అయినా ఆ ఇంట్లో నాకు చాలా భయంగా ఉండేది."

తడి చేతులతోనే దాన్ని దగ్గరికి తీసుకున్నాను. అది ఎత్తులో నన్ను మించి చాలా ఏళ్లైంది. ఆ పిల్ల వాకిట్లోంచి వంటింట్లోకి వచ్చే ఆ నాలుగడుగుల్లో ఎంత పని చేసేదో నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. భర్త మాటలు పోయినందుకు ఏడవాలో, కూతురు మాటలు దొరికినందుకు సంతోషించాలో తెలియక అలాగే నిలబడ్డాను. సాయంత్రం బస్టాండులో దాన్ని ఎక్కించి, బస్సు కదిలేదాకా ఉన్నాను.

స్త్రీల కూడికలో నాకు మళ్లీ వంతు రాలేదు. ఆదివారాలు వెళ్తాను. నా బెంచీలో పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. పలకరింపులు వందనాల దగ్గర ఆగిపోతున్నాయి. ఒక్క పాస్టరమ్మగారు మాత్రం మొన్న గేటు దగ్గర ఆగి, ఏదో అడగబోయి, చుట్టూ చూసి, "మళ్లీ వస్తానత్తయ్యగారూ ఇంటికి" అంది. ఎందుకు వస్తానందో నేను అడగలేదు. ఇంకా రాలేదు.

గుడ్లవల్లేరు ఆవిడ కబురు కూడా లేదు. ఒక్కతే ఎలా ఉందో చూసి రావాలని ఉంది. ఆయన నంబరు నుంచి ఆవిడకి మళ్లీ ఫోను చెయ్యడానికి మనసొప్పలేదు. ఊరు తెలుసు గాని ఇల్లు తెలియదు. రేపు ఎండ ఎక్కకముందే గుడివాడ బస్సు ఎక్కి, గుడ్లవల్లేరులో దిగాక ఎవరినైనా అడుగుతాను.